యంత్రం ఉంది సరే, వెన్నుదన్ను ఉందా? పరిశోధన కంప్యూటింగు మదింపుపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల అందిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయాన్ని వేర్వేరు మూలల నుంచి తడిమాయి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులకు కంప్యూటింగు, డేటా పనుల్లో అందుతున్న సాయం ఎంత, అది సరిపోతున్నదా లేదా అని తేల్చుకోవడం ఎలాగన్నదే ఆ విషయం. వాటికి వివరంగా జవాబు చెప్పాలనిపించి మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేశాను. రాసినవారి కోరిక మేరకు పేర్లు, సంస్థల వివరాలు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కోస్తా ఆంధ్రలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం. రెండేళ్ల కిందట ఒక చిన్న క్లస్టరు (ఒకటిగా కలిపి నడిపే కంప్యూటర్ల సముదాయం), ఒకేసారి వేల లెక్కలు చేసే జీపీయూ చిప్పులున్న సర్వరు ఒకటి కొన్నాం. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చేలోగా పరిశోధనకు ఉన్న కంప్యూటింగు సదుపాయాలను మదింపు చేసి నివేదిక ఇవ్వమని వైస్ ఛాన్సలర్ గారు అంతర్గత నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) సమన్వయకర్తనైన నన్ను ఆదేశించారు. ప్రాసెసర్ కోర్ల సంఖ్య, టెరాఫ్లాప్స్‌లో లెక్కల వేగం, స్టోరేజీ, కొన్న ధర అన్నీ రాశాను. క్లస్టరు వినియోగం 91 శాతం ఉన్నదని సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ లెక్క ఇచ్చారు. ఇంకా ఏం రాయాలో దయచేసి చెప్పండి.

జవాబు: మీరు రాసినవన్నీ స్టాక్ రిజిస్టరులో ఉండవలసిన వివరాలే. అవి అవసరమే గాని, వాటితో మదింపు ఇంకా మొదలు కాలేదు. ముఖ్యంగా ఆ 91 శాతాన్ని చూసి తృప్తి పడవద్దని మనవి చేస్తున్నాను. ఎందుకో నా అనుభవం ఒకటి చెబితే తేలికగా అర్థమవుతుంది.

చాలా ఏళ్ల కిందట నేను ఒక విశ్వవిద్యాలయ కంప్యూటింగు కేంద్రంలో, వినియోగదారులకు సాయపడే విభాగంలో పనిచేసేదాన్ని. క్లస్టరు ఎప్పుడు చూసినా నిండుగా ఉండేది, జాబులు, అంటే పరిశోధకులు యంత్రానికి అప్పగించిన లెక్కలు, క్యూలో రెండేసి రోజులు పెండింగులో పడి ఉండేవి, కొత్త నోడ్లు (క్లస్టరులో చేర్చే కంప్యూటర్లు) కొనాలని ప్రతిపాదన కూడా సిద్ధమయింది. ఆ ప్రతిపాదనకు అంకెలు జోడిద్దామని కూర్చున్న రోజున రసాయనశాస్త్ర విభాగానికి చెందిన ఒక స్కాలర్ జాబు నా కంటబడింది. 64 కోర్లు అడిగింది, 72 గంటలు నడిచింది. జాబుల క్యూను నడిపే స్లర్మ్ సాఫ్ట్‌వేరుతో పాటు ‘సెఫ్’ అనే చిన్న కమాండు వస్తుంది. దాని పక్కన జాబు నంబరు కొడితే అడిగినదెంత, నిజంగా వాడినదెంత అన్నది కొద్ది వరుసల్లో కనిపిస్తుంది. కొట్టి చూస్తే సీపీయూ సామర్థ్యం ఒకటిన్నర శాతం అని వచ్చింది. అంటే 64 కోర్లలో పనిచేసింది ఒక్కటే. మిగిలిన 63 మూడు రోజులపాటు ఖాళీగా ఉన్నాయి, వాటి కోసం మరొకరి జాబు క్యూలో ఎదురుచూస్తూ ఉంది.

ఆ అమ్మాయిని పిలిచి అడిగాను. జాబుకు ఆదేశాలు రాసే ఫైలు, అంటే స్క్రిప్టు, సీనియర్ ఇచ్చారట. ఆ సీనియర్ వాడిన ప్రోగ్రాము చాలా కోర్ల మీద ఒకేసారి నడిచేది, ఈమె వాడుతున్నది ఒక్క కోరు మీదే నడిచేది. 64 అన్న అంకె మాత్రం స్క్రిప్టులో అలాగే ఉండిపోయింది. “తగ్గిస్తే జాబు ఆగిపోతుందేమోనని భయపడ్డానండీ, ఎవరిని అడగాలో తెలియలేదు” అంది. ఇరవై నిమిషాల్లో ఆ వరుస సరిదిద్దుకున్నాం. ఆ తరువాత మూడు నెలల జాబుల చిట్టా తిరగేస్తే అలాంటివి కుప్పలుగా బయటపడ్డాయి. కేంద్రం నివేదికల్లో మాత్రం అవన్నీ ‘పూర్తి వినియోగం’ కిందే లెక్కకు వచ్చాయి, ఎందుకంటే ఆ శాతం కేటాయించిన కోర్లను లెక్కపెడుతుందే తప్ప పనిచేసిన కోర్లను కాదు. మా కేంద్రానికి అప్పుడు కావలసింది కొత్త నోడ్లు కావు, స్కాలర్ల పక్కన కూర్చొని స్క్రిప్టు చదివి చెప్పే మనిషి. ఆ సంగతి మేము ఆలస్యంగా గ్రహించామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందువల్ల ఆ 91 పక్కన మరికొన్ని లెక్కలు పెట్టండి. ఒక స్కాలర్ ఖాతా కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మొదటి జాబు సక్రమంగా పూర్తయ్యే రోజు వరకు ఎన్ని రోజులు పడుతున్నదో చూడండి. నా దృష్టిలో ఇంతకంటే నిజాయితీగల కొలత లేదు, ఎందుకంటే గైడ్ సంతకం, ఫైలు కదలిక, పాస్‌వర్డు, సాఫ్ట్‌వేరు స్థాపన, మొదటి పొరపాటుకు దొరికిన జవాబు అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి. క్యూలో నిరీక్షణ కాలాన్ని అన్నిటికీ కలిపి ఒకే సగటుగా కాక, చిన్న జాబులకూ పెద్ద జాబులకూ వేర్వేరుగా లెక్కగట్టండి; క్షణాల్లో మొదలయ్యే చిన్న జాబులు వందల కొద్దీ ఉంటే, పెద్ద జాబులు పడే ఇబ్బందిని మొత్తం సగటు కప్పేస్తుంది. ఎన్ని విభాగాల నుంచి వినియోగదారులు వస్తున్నారో, ఒకే ప్రొఫెసర్ బృందం ఎంత భాగం వాడుతున్నదో కూడా తేల్చండి. భౌతిక, రసాయన శాస్త్రాల వారు తప్ప ఎవరూ లేకపోతే, అర్థశాస్త్రం, భాషాశాస్త్రం, భూగోళశాస్త్రం విభాగాలకు వెళ్లి ఎందుకు రావడం లేదని అడగండి. అవసరం లేక రాకపోవడం వేరు, అలాంటి సదుపాయం ఉన్నదని తెలియక రాకపోవడం వేరు.

ఇవన్నీ చేసే తీరిక లేకపోతే ఒక్క పని చేయండి. కొత్తగా చేరిన స్కాలర్ ఒకరిని ఎంచుకొని, ఆమె దరఖాస్తు పెట్టిన దగ్గర నుంచి ఫలితం చేతికందే దాకా వెంట ఉండి, ఎక్కడెక్కడ ఆగిందో తేదీలతో సహా రాసుకోండి. ఆ రెండు పేజీలు నివేదికకు అనుబంధంగా పెడితే, బృందంవారు చదివినా చదవకపోయినా మీ వైస్ ఛాన్సలర్ గారు తప్పక చదువుతారు.

ప్రశ్న: నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో సిస్టమ్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది మా సంస్థ, పరిశోధన కంప్యూటింగు, డేటా సేవలను మదింపు చేసుకొనే ఆర్‌సీడీ కేపబిలిటీస్ మోడల్ ప్రశ్నావళిని నింపుతున్నది. డేటా నిల్వ, బ్యాకప్ గురించి మేము ఇచ్చిన జవాబులకూ గ్రంథాలయంవారు ఇచ్చిన జవాబులకూ పొంతన కుదరడం లేదు. మేము ‘ఉంది’ అన్నచోట వారు ‘లేదు’ అంటున్నారు. ఇద్దరూ కూర్చొని ఒకే జవాబు తేల్చమని మా డైరెక్టరు గారు అంటున్నారు. మధ్యేమార్గంగా ఒక అంకె వేసేస్తే సరిపోతుందా?

జవాబు: వేయవద్దండీ. ఆ పొంతన కుదరకపోవడమే మీ మదింపులో ఇప్పటివరకు దొరికిన అతి విలువైన సంగతి.

మిగిలిన పాఠకుల కోసం ఆ మోడల్ గురించి కొంత చెప్పాలి. అమెరికాలో విశ్వవిద్యాలయాల పరిశోధన కంప్యూటింగు సిబ్బంది కలిసి ఏర్పరచుకున్న కార్క్ అనే సమాఖ్య, ఇంటర్నెట్2, ఎడ్యుకాజ్ సంస్థలతో కలిసి దీన్ని రూపొందించింది. తొలి రూపం 2020లో వెలువడింది. పరిశోధకులకు అందే సాయాన్ని అది అయిదు ముఖాలుగా చూస్తుంది. పరిశోధకులతో నేరుగా మాట్లాడి శిక్షణ, సలహా ఇచ్చే పని ఒకటి. డేటాను సేకరించడం నుంచి భద్రపరచి పంచుకోవడం దాకా తోడుండే పని మరొకటి. సాఫ్ట్‌వేరును స్థాపించి, రాసి, వేగం పెంచే పని ఇంకొకటి. సర్వర్లు, నెట్‌వర్కు, స్టోరేజీ నడిపే పని నాలుగోది. నిధులు, విధానాలు, సంస్థ నాయకత్వంతో సంబంధం చూసే పని అయిదోది. ఒక్కో ప్రశ్నకు ఉంది, లేదు అని ఊరుకోకుండా, ఆ సేవ సంస్థలో ఎంతమేరకు విస్తరించింది, ఏ స్థాయిలో నడుస్తున్నది, ఇతర సంస్థలతో సహకారం ఉన్నదా అన్నవి కూడా అడుగుతుంది. జవాబులను బట్టి ఒక్కో ముఖానికి ఎంత శాతం నిండినదో లెక్క వస్తుంది. ఏది తమకు ముఖ్యమో సంస్థ స్వయంగా గుర్తు పెట్టుకొనే వీలు కూడా ఉంది. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. నా ఉద్దేశంలో పై అధికారులతో కలిసి మొట్టమొదట చర్చించవలసింది అదే.

ఇక మీ సమస్యకు వస్తాను. మీరు ‘బ్యాకప్ ఉంది’ అన్నారంటే ఒక్కొక్కరి ఖాతాకు ఇచ్చే సొంత ఫోల్డర్లకు, అంటే హోమ్ డైరెక్టరీలకు ఉందని మీ ఉద్దేశం అయి ఉంటుంది. గ్రంథాలయంవారు ‘లేదు’ అన్నారంటే, పరిశోధకులు తమ డేటాను నిజంగా ఉంచుకుంటున్న చోట లేదని వారి ఉద్దేశం కావచ్చు. హోమ్ డైరెక్టరీలో కోటా తక్కువ కావడంతో స్కాలర్లు తమ డేటానంతా తాత్కాలిక నిల్వ అయిన స్క్రాచ్ స్టోరేజీలో పెట్టుకుంటారు. స్క్రాచ్‌కు బ్యాకప్ ఉండదనీ, నిర్ణీత కాలం తరువాత పాత ఫైళ్లు తొలగిపోతాయనీ మీ వెబ్ పేజీలో ఉంటుంది, కాని ఆ పేజీ ఎవరు చదువుతారు? ఈ దృష్టితో చూస్తే మీ ఇద్దరి జవాబులూ నిజమే. రెండింటి మధ్య ఒక అంకె వేస్తే రెండూ అబద్ధమవుతాయి.

బ్యాకప్ ఉన్నంత మాత్రాన నిశ్చింత అనుకోవడానికి కూడా లేదు. 2021 డిసెంబరులో జపానులోని క్యోటో విశ్వవిద్యాలయ సూపర్ కంప్యూటరులో, బ్యాకప్‌కు సంబంధించిన స్క్రిప్టే అసలు ఫైళ్లను తుడిచేసింది. పాత లాగ్ ఫైళ్లను మాత్రమే తొలగించవలసిన ఆ స్క్రిప్టును అది నడుస్తుండగానే మార్చడం అందుకు కారణం. సుమారు 77 టెరాబైట్ల డేటా, 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయాయి; దెబ్బతిన్న 14 పరిశోధన బృందాల్లో నాలుగింటి డేటాను తిరిగి తేలేకపోయారు. కాబట్టి మదింపులో ‘బ్యాకప్ ఉన్నదా’ అని అడిగి ఊరుకోకండి. ‘చివరిసారి ఒక ఫైలును బ్యాకప్ నుంచి వెనక్కు తెచ్చి చూసినది ఏ తేదీన’ అని అడగండి. ఎవరూ తేదీ చెప్పలేకపోతే ఆ గడిలో ఏం రాయాలో మీకే తెలుస్తుంది.

నా సలహా ఏమిటంటే, మోడల్ ఒకే జవాబు కోరుతుంది గనుక పరిశోధకుడి వైపు నుంచి నిజమైనదాన్ని, అంటే తక్కువదాన్ని వేసి, పక్కనే ఇద్దరి వాదాలనూ నాలుగు వాక్యాల్లో రాసి ఉంచండి. వచ్చే ఏడాది ఇదే ప్రశ్నావళిని మళ్లీ తీసినప్పుడు అంకెల కన్నా ఆ నాలుగు వాక్యాలే అక్కరకు వస్తాయి. మీ డైరెక్టరు గారికి ఒక మాట గుర్తు చేయండి: తమలాంటి సంస్థల సరసన తామెక్కడ ఉన్నామో చూసుకొని, తరువాత ఏ పని చేపట్టాలో తేల్చుకోవడానికి పుట్టిన పనిముట్టు ఇది, ర్యాంకులు ఇవ్వడానికి కాదు. తక్కువ అంకె వేస్తే పరువు పోతుందన్న భయం ఒకసారి ప్రవేశించిందంటే ప్రశ్నావళి నింపడం వృథా ప్రయాస.

ప్రశ్న: రాయలసీమలో ఒక విశ్వవిద్యాలయంలో జీవసాంకేతిక శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబులో జన్యుక్రమాలను చదివిన సీక్వెన్సింగు డేటా అంతా హార్డ్ డిస్కుల్లో ఉంది. గైడ్ గారి గదిలో స్టీలు అల్మారాలో పదకొండు డిస్కులు ఉన్నాయి. కొన్నిటి మీద పాత స్కాలర్ల పేర్లు మాత్రమే రాసి ఉన్నాయి. గత నెల ఒక డిస్కు తెరుచుకోలేదు. మా విశ్వవిద్యాలయం ఈ విషయంలో ఏం చేయాలి, నేను ఎవరిని అడగాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి మనసు కలుక్కుమంది. ఆ అల్మారా మీ ఒక్క ల్యాబులోనే కాదు, నేను చూసిన ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉంది. పాత స్కాలర్ పేరు రాసిన డిస్కులో ఏ నమూనాల డేటా ఉందో ఆ స్కాలరుకు తప్ప ఎవరికీ తెలియదు, ఆయన ఇప్పుడు ఏ దేశంలో ఉద్యోగం చేస్తున్నారో గైడ్ గారికి కూడా తెలియకపోవచ్చు. మూడు నాలుగేళ్ల కష్టం, దానికి వెచ్చించిన ప్రజాధనం అలా ఒక అరలో దుమ్ము పడుతుంది.

ముందు మీరు చేయగలిగినది చెబుతాను. తెరుచుకోని డిస్కును మాటిమాటికీ తగిలించి చూడకండి. అలా చేస్తే ఇంకా దెబ్బతినే ప్రమాదం ఉంది. మీ సొంత డేటాకు ఇవాళే రెండో ప్రతి, వీలయితే ల్యాబు బయట మూడో ప్రతి చేయండి. ప్రతి చేసిన తరువాత రెండు చోట్లా చెక్‌సమ్ (ఫైలు లోపలి సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తింపు సంఖ్య) తీసి సరిపోల్చండి. ఫైలు పేరు, పరిమాణం ఒకటే అయినంత మాత్రాన లోపలి అక్షరాలు ఒకటేనన్న భరోసా లేదు. ప్రతి ఫోల్డరులోనూ ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, నమూనా ఎక్కడిది, ఏ తేదీన తీశారు, ఏ యంత్రం మీద సీక్వెన్సు చేశారు, ఫైళ్ల పేర్లలో ఏ సంకేతానికి ఏ అర్థమో తెలుగులోనైనా సరే, ఇంగ్లీషులోనైనా సరే రాసిపెట్టండి. ఆరు నెలలు గడిస్తే మీ సంకేతాలు మీకే గుర్తుండవు.

ఫలితాలు ప్రచురించే దశకు వచ్చినప్పుడు మీ సీక్వెన్సులను ఫరీదాబాదులోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో జమచేయవచ్చు. దేశంలో జీవశాస్త్ర డేటాకు తొలి జాతీయ భాండాగారంగా అది 2022 నవంబరులో ప్రారంభమైంది. ప్రజాధనంతో తయారైన ఇలాంటి డేటాను పంచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2021లో బయోటెక్-ప్రైడ్ మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. సీక్వెన్సులు కాని పట్టికలు, చిత్రాలు, ప్రోగ్రాములైతే ఐరోపాలోని సెర్న్ సంస్థ నడిపే జెనోడోలో ఉచితంగా ఉంచవచ్చు, ఒక్కో రికార్డుకు 50 గిగాబైట్ల వరకు చోటు ఇస్తుంది, ఆ రికార్డును ఎప్పుడైనా వెదికి పట్టుకొనేందుకు శాశ్వతమైన డీఓఐ గుర్తింపు సంఖ్య కూడా ఇస్తుంది. పీహెచ్‌డీ గ్రంథాల జాతీయ భాండాగారం శోధగంగలో సిద్ధాంత వ్యాసం చేరుతుంది గదా అని సరిపెట్టుకోకండి. దాని వెనుక ఉన్న డేటా అక్కడికి చేరదు.

ఇక విశ్వవిద్యాలయం ఏం చేయాలన్నది. 2016లో కొందరు శాస్త్రవేత్తలు ఫెయిర్ సూత్రాల పేరుతో నాలుగు మాటలు చెప్పారు: డేటా ఎక్కడున్నదో వెదికితే దొరకాలి, అందుకోగలగాలి, ఇతర డేటాతో కలిపి వాడగలగాలి, తిరిగి ఉపయోగపడాలి. మీ అల్మారాను ఈ నాలుగింటితో పరీక్షిస్తే ఒక్కదానిలోనూ నెగ్గదు. కాబట్టి ఏ సంస్థ డేటా సాయాన్ని మదింపు చేసినా, బృందం సర్వరు గది చూసి వెళ్లిపోకుండా ఒక ల్యాబులోకి వచ్చి అలాంటి అల్మారా తెరిపించాలి. ఏదో ఒక డిస్కు తీసి, ఇందులో ఏముందో చెప్పమని అడగాలి. మీరు ఎవరిని అడగాలంటే, మొదట గైడ్ గారితోనే, ఫిర్యాదులా కాకుండా ‘సార్, పదకొండు డిస్కులకూ ఒక జాబితా తయారు చేస్తాను’ అని మొదలుపెట్టండి. ఆ జాబితా చేతిలో పట్టుకొని ఇద్దరూ కలిసి గ్రంథాలయాధికారి దగ్గరికీ, రీసెర్చ్ డీన్ దగ్గరికీ వెళ్లండి. నోటిమాటగా చెప్పినప్పుడు కదలని ఫైలు, ఎన్ని టెరాబైట్లు, ఏ ప్రాజెక్టుది, ఎంత ఖర్చుతో తయారైనది అన్న జాబితా చూసినప్పుడు కదలడం నేను చూశాను.

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయ ఫైనాన్స్ విభాగంలో డిప్యూటీ రిజిస్ట్రారును. పరిశోధన కంప్యూటింగుకు ఎప్పుడూ సామగ్రి కొనుగోలు ప్రతిపాదనలే వస్తాయి, ఆ తరువాత ఖర్చు ఎంత అవుతుందో ఎవరూ చెప్పరు. మదింపులో ఆర్థిక కోణం ఎలా చూడాలి?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞతలు. కొన్న ధర ఒక్కసారి కనిపించి మాయమవుతుంది. నడిపే ఖర్చు ప్రతి నెలా వస్తుంది.

ఉదాహరణకు ఎనిమిది ఏ100 జీపీయూలున్న ఎన్విడియా డీజీఎక్స్ సర్వరు గరిష్ఠంగా 6.5 కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఏడాది పొడుగునా పూర్తి లోడు మీద నడిస్తే 56,940 యూనిట్లు. చల్లబరచడానికి, యూపీఎస్‌లో పోయేదానికి కలిపి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే 85,410 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏటా సుమారు 6 లక్షల 83 వేల రూపాయలు, అదీ ఒక్క పెట్టెకు. దాని తరువాత వచ్చిన హెచ్100 నమూనా గరిష్ఠంగా 10.2 కిలోవాట్లు తీసుకుంటుంది. ఈ బిల్లు విశ్వవిద్యాలయం మొత్తం కరెంటు బిల్లులో కలిసిపోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. సర్వరు గదికి వేరే మీటరు పెట్టించండి. మీ స్థాయిలో ఒక్క సంతకంతో అయ్యే పని, మదింపుకు అంతకన్నా గట్టి పునాది లేదు.

వారంటీ ముగిసే తేదీని, ఏటా చేసుకొనే నిర్వహణ ఒప్పందానికి (ఏఎంసీ) కేటాయింపు ఉన్నదా లేదా అన్నదాన్ని కొనుగోలు ఫైలులోనే రాయించండి. వారంటీ ముగిసిన మరుసటి ఏడాది ఏసీ చెడితే, మరమ్మతుకు పద్దు దొరక్క సర్వరును ఆపి కూర్చున్న చోట్లు నాకు తెలుసు.

అన్నిటికన్నా పెద్ద లోటు మనుషుల పద్దులో ఉంటుంది. కోట్ల రూపాయల యంత్రాన్ని ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి చేతిలో పెట్టి, ఆయన మంచి ఉద్యోగం చూసుకొని వెళ్లిన రోజున యంత్రంపై పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డు కోసం వెదుక్కోవడం అరుదైన సంగతేమీ కాదు. పరిశోధన తెలిసి, ప్రోగ్రాము కూడా చక్కగా రాయగల మనిషికి బ్రిటన్‌లో 2012లో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని పేరు పెట్టి, ఆ పనికి గుర్తింపు కోసం ఉద్యమంలా పనిచేశారు. నేడు అనేక దేశాల్లో ఆ హోదాతో ఉద్యోగాలున్నాయి. మన విశ్వవిద్యాలయాల కేడరులో అలాంటి మనిషికి పెట్టడానికి పేరే లేదు. టెక్నికల్ అసిస్టెంటు అనో, ప్రోగ్రామర్ అనో పాత పోస్టుల్లో ఇరికించాలి. మదింపులో తప్పక అడగండి: ఈ వ్యవస్థను నడపగలవారు ఎందరు, వారిలో రెగ్యులర్ ఉద్యోగులెందరు, ఒకరు నెల రోజులు సెలవు పెడితే పని ఎవరు చేస్తారు. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మరో సర్వరు కొనుగోలు ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు వెనక్కు పంపే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ప్రశ్న: తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని స్వయంప్రతిపత్తి గల డిగ్రీ, పీజీ కళాశాలలో గ్రంథపాలకుడిని. మాకు క్లస్టరు లేదు, కొనే స్తోమతూ లేదు. పదిహేను మంది అధ్యాపకులు పరిశోధన చేస్తున్నారు. అమెరికా వారి మోడల్ మాలాంటి వారికి పనికొస్తుందా, లేక అసలు మదింపు చేయడానికే మా దగ్గర ఏమీ లేదనుకోవాలా?

జవాబు: సొంత యంత్రం లేకపోవడం లోపం కాదండీ. బయట ఉన్నదాన్ని అందుకొనే దారి చూపేవారు లేకపోవడం లోపం.

కేంద్ర ప్రభుత్వం 2015లో 4,500 కోట్ల రూపాయలతో నేషనల్ సూపర్ కంప్యూటింగ్ మిషన్‌ను ఆమోదించింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటింగు పరిశోధన సంస్థ సీ-డాక్, బెంగళూరులోని ఐఐఎస్‌సీ దాన్ని అమలు చేస్తున్నాయి. ఆ మిషన్ కింద 2019లో వారణాసిలోని ఐఐటీ బీహెచ్‌యూలో పరమ్ శివాయ్, 2022లో ఐఐఎస్‌సీలో 3.3 పెటాఫ్లాప్స్ సామర్థ్యంతో పరమ్ ప్రవేగ వచ్చాయి. మీకు దగ్గరలో ఐఐటీ హైదరాబాదులో పరమ్ సేవ ఉంది, దాని సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్. ఇలాంటి కేంద్రాల్లో బయటి సంస్థల పరిశోధకులు కూడా దరఖాస్తు చేసుకొనే వీలుంది. అయితే ఆ దరఖాస్తులో తన లెక్కకు ఎన్ని కోర్-గంటలు (ఎన్ని కోర్లు, ఎన్ని గంటలు అన్న లెక్క) కావాలో రాయమంటే, ఎన్నడూ క్లస్టరు వాడని అధ్యాపకుడు అక్కడే ఆగిపోతాడు. ఆ పేరా రాయించగలిగిన ఒక్క మనిషి మీ కళాశాలలో ఉంటే, క్లస్టరు ఉండీ మనిషి లేని చోటు కన్నా మీరే ముందున్నారు.

మోడల్ సంగతి చెబుతాను. ఆ అయిదు ముఖాలనూ తీసుకోండి, బరువులు మాత్రం మీరే నిర్ణయించుకోండి. మీకు సర్వర్లు నడిపే సిస్టమ్స్ ముఖం దాదాపు సున్నా, దానికి విచారించనక్కరలేదు. కరెంటు, ఇంటర్నెట్టు ఎన్ని గంటలు నికరంగా ఉంటున్నాయో చూసే గడిని అమెరికా ప్రశ్నావళి నుంచి ఆశించకండి, మీరే చేర్చుకోండి. పరిశోధకుల ముఖం, డేటా ముఖం మీ గ్రంథాలయం పరిధిలోనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అనే శిక్షణ ఉద్యమం 1998 నుంచి శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగు మౌలికాంశాలు నేర్పుతున్నది. దాని పాఠాలు ఉచితంగా దొరుకుతాయి, మీ గ్రంథాలయంలో రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పుకోవచ్చు.

విధానాల ముఖం గురించి ఒక హెచ్చరిక. మీ అధ్యాపకుల్లో ఎవరైనా గ్రామాల్లో సర్వేలు, ఆరోగ్య వివరాలు సేకరిస్తుంటే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి తెలుసుకోవాలి. పరిశోధనకు అందులో మినహాయింపు ఉంది. అయితే ఆ డేటా ఆధారంగా ఫలానా వ్యక్తి విషయంలో నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. పేర్లు, ఫోను నంబర్లు ఉన్న ఎక్సెల్ ఫైలును వాట్సాప్ గ్రూపులో పంచుకోవడం ఏ ప్రమాణాలకూ సరిపోదు. అమెరికా సంస్థలతో కలిసి పనిచేసేవారు ఉంటే, పరిశోధనకు నిధులిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థల్లో ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 జనవరి నుంచి ప్రతిపాదనతో పాటు డేటా నిర్వహణ ప్రణాళిక అడుగుతున్నదనీ, వైద్య పరిశోధనలు చూసే ఎన్‌ఐహెచ్ 2023 జనవరి 25 నుంచి డేటా నిర్వహణ, పంపకాల విధానం అమలు చేస్తున్నదనీ వారికి చెప్పండి. ఆ రెండు పేజీల ప్రణాళిక రాయడానికి వారు వెదుక్కుంటూ రావలసింది మీ దగ్గరికే.

పదిహేను మందే గనుక మీకు ప్రశ్నావళి కూడా అక్కరలేదు. వారానికి ఒకరి గదికి వెళ్లి, ‘గత ఏడాది కంప్యూటరు వల్ల గానీ, డేటా వల్ల గానీ మీ పని ఎక్కడ ఆగింది, అప్పుడు ఎవరిని అడిగారు’ అన్న ఈ ఒక్క ప్రశ్న అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. నాలుగు నెలల్లో పూర్తవుతుంది. ఆ పుస్తకంలో ‘ఎవరినీ అడగలేదు’ అన్న జవాబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి నాకు రాయండి. వచ్చే ఏడాది ఈ శీర్షికలోనే మీ కళాశాలకు ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి ఆలోచిద్దాం.